ఆ జర్మన్ రేడియో పొట్ట ఖాళీ చేయకండి



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో మన హాలు రేడియో సంగతి వచ్చింది. లైబ్రరీ బీరువా పైన గుడ్డ కప్పి పెట్టిన ఆ పెద్ద చెక్క పెట్టె. మూడు అభిప్రాయాలు వచ్చాయి. ఒకటి, లోపలున్న పాత సామానంతా పీకేసి బ్లూటూత్ బోర్డు, కొత్త స్పీకర్లు పెట్టించి ఉగాదికి పాటలు వేసుకుందాం అని. రెండు, పాత వస్తువులు కొనే అంగడివాళ్ళు పదిహేను వేలు ఇస్తామంటున్నారు, అమ్మేసి ఆ డబ్బు పిల్లల తెలుగు క్లాసుకు వాడదాం అని. మూడు, ఎవరూ ముట్టుకోవద్దు, అద్దాల పెట్టెలో పెట్టి చూసుకుందాం అని. వచ్చే నెల జనరల్ బాడీలో చేతులెత్తించి తేలుస్తామన్నారు.

మాది నాలుగో అభిప్రాయం. మీటింగులో టైము చాలలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మేమంటే ఎవరో మీకు తెలుసు. సాయంత్రం పూట హాలు వెనక గదిలో సోల్డరింగ్ వాసన పుట్టించే నలుగురు ముసలివాళ్ళం. ‘పొగ బ్యాచ్’ అని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పెట్టిన పేరు మాకు బాగానే అతుక్కుంది. ఎనిమిదేళ్ళలో పదకొండు వాల్వు రేడియోలు చేతపట్టాం. వాటిలో నాలుగు జర్మనీవి. రెండింటిని చేతులారా చెడగొట్టాం. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాం. మా మాటకు ఏదైనా విలువ ఉంటే అది ఆ చెడగొట్టిన రెండింటి నుంచి వచ్చిందే.

మేము చెప్పేది ఒక్క మాటలో ఇది: రేడియోను రేడియోగానే బాగు చేద్దాం. మార్చక తప్పనివి మారుద్దాం. ఏదీ కోయొద్దు, ఏదీ పారేయొద్దు. ఫోనులో పాటలు కావాలన్నవాళ్ళకు కూడా అదే పెట్టెలో, ఒక్క వైరు తెంచకుండా, దారి ఉంది. అది కింద చెబుతాం.

ముందు ఆ పెట్టె ఏమిటో, మన దగ్గరికి ఎలా వచ్చిందో చూద్దాం. కొత్త సభ్యులకు తెలియదు.

1959లో పశ్చిమ జర్మనీ సాయంతో మదరాసులో ఐఐటీ మొదలైంది. అప్పట్లో జర్మన్ ప్రొఫెసర్లు, వర్క్‌షాపు నిపుణులు ఇక్కడికి వచ్చి పని చేశారు. మన సంఘం పాత సభ్యులొకరు అక్కడ వర్క్‌షాపులో ఉండేవారు. సొంత దేశానికి తిరిగిపోతూ ఒక జర్మన్ దొర ఇంటి సామాను అమ్మినప్పుడు, ఆయన నెలకింత అని కట్టి ఈ రేడియో కొనుక్కున్నారు. ఆయన పోయాక పిల్లలు సంఘానికి ఇచ్చారు. అప్పటి పోస్టాఫీసు రేడియో లైసెన్సు పుస్తకం ఇప్పటికీ వెనక అట్టకు దారంతో కట్టి ఉంది, చూడండి.

పెట్టె మీద పేరు గ్రుండిగ్. బవేరియాలో ఫ్యూర్ట్ అనే ఊరి కంపెనీ. మాక్స్ గ్రుండిగ్ ఆ ఊళ్ళో రేడియో అంగడి నడిపిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడ రేడియో తయారు చేసి అమ్మాలంటే గెలిచిన దేశాల సైన్యాధికారుల అనుమతులు కావాలి. ఆయన 1946లో ఒక ఉపాయం చేశాడు. వాల్వులు లేకుండా, విడిభాగాల పెట్టెగా, ఎవరికి వారు ఇంట్లో బిగించుకునేటట్టు అమ్మాడు. వాల్వు లేనిది రేడియో కాదు కదా, అనుమతి ఎందుకు? దానికి హైన్సెల్మన్ అని పేరు పెట్టాడు. జర్మన్ కథల్లో రాత్రిపూట ఎవరూ చూడకుండా ఇంటి పనులు చేసిపెట్టే మరుగుజ్జుల పేరు అది. అలా పొట్టకూటికి మొదలైన కంపెనీ పదేళ్ళలో యూరప్‌లోనే పెద్ద రేడియో కంపెనీల్లో ఒకటయింది.

మన పెట్టె 1950ల మధ్యకాలానిది. దాని ముందు దంతం రంగు పియానో మెట్ల లాగా బటన్లు ఉన్నాయి. తమిళ మీడియంలో చదివి తెలుగు అక్షరాలు ఇంట్లో కూడబలుక్కున్న మాకు జర్మన్ మాటలు కూడబలుక్కోవడం కొత్త కష్టమేమీ కాలేదు. ‘ఆఉస్’ అంటే ఆపు. ‘మిట్టెల్’ అంటే మీడియం వేవ్. ‘కుర్ట్స్’ అంటే షార్ట్ వేవ్. ‘లాంగ్’ అంటే లాంగ్ వేవ్, మన దేశంలో దానికి పని లేదు. ‘టీఏ’ అంటే గ్రామఫోను తగిలించే చోటు. చివరిది ‘యూకేవీ’. ఈ చివరి రెండు బటన్ల కథ మీరు వినాలి.

యూకేవీ అంటే మనం ఇప్పుడు ఎఫ్ఎం అంటున్నదే. 1948లో కోపెన్‌హేగన్‌లో యూరప్ దేశాలు కూర్చుని మీడియం వేవ్ స్థానాలు పంచుకున్నాయి. 1950 మార్చి నుంచి అమలు. యుద్ధంలో ఓడిన జర్మనీకి చాలా కొద్ది స్థానాలే దక్కాయి. అవి ఊళ్ళన్నిటికీ చాలవు. అందుకని వాళ్ళు ఎవరూ పెద్దగా వాడని ఎఫ్ఎం దారి పట్టారు. 1949 ఫిబ్రవరి 28న మ్యూనిక్‌లో మొదటి ఎఫ్ఎం ప్రసారం మొదలైంది. తరువాత కొన్నేళ్ళకే జర్మనీలో తయారైన మంచి రేడియోలన్నిటిలో యూకేవీ బటన్ వచ్చేసింది. ఎఫ్ఎంలో శబ్దం శుభ్రంగా ఉంటుంది కాబట్టి దానికి తగ్గట్టు పెద్ద స్పీకర్లు, పక్కలకు చిన్న స్పీకర్లు, బాసు, ట్రెబులు వేరువేరుగా సర్దుకునే చక్రాలు పెట్టారు. ఆ కాలపు జర్మన్ రేడియో గొంతు నిండుగా ఉంటుందని లోకమంతా అనడానికి కారణం ఇదే. ఉన్న దారి మూసేస్తే ఇంకో దారి వెతుక్కుని, ఆ దారినే రాజమార్గం చేసుకున్నారు.

మన మదరాసులో ఎఫ్ఎం వచ్చింది 1977లో. దేశంలో అదే మొదటిది. అంటే ఈ పెట్టె మన పెద్దాయన ఇంటికి వచ్చిన తరువాత ఎన్నో ఏళ్ళు ఆ యూకేవీ బటన్ నొక్కితే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మరి ఆయన ఏం విన్నారు? అది తెలియాలంటే టార్చిలైటుతో డయలు అద్దం చూడండి. హిల్వర్సుమ్, బెరోమ్యూన్‌స్టర్, లక్సెంబర్గ్ అని యూరప్ ఊళ్ళ పేర్లు వరుసగా ఉంటాయి. మీడియం వేవ్ వరుసలో 800 దాటిన చోట అద్దం పైన ఆవగింజంత ఎర్రటి చుక్క ఉంది. గోళ్ళ రంగు అది. అక్కడ విజయవాడ వచ్చేది. చీకటి పడ్డాక మీడియం వేవ్ దూరం పోతుంది కదా. రాత్రి భోజనాలయ్యాక ముల్లు ఆ చుక్క మీదికి తెస్తే, కొన్నిసార్లు గరగర మధ్య, కొన్నిసార్లు పక్క గదిలో మాట్లాడినంత స్పష్టంగా, తెలుగు వచ్చేది. ఆ చుక్క పెట్టింది ఆయన భార్య. ఆమెకు చదువు రాదు, అంకెలు తెలియవు. చుక్క తెలుసు. ఆమె కూతురు మాకు చెప్పిన మాట ఇది.

బ్లూటూత్ పెట్టే అంగడివాళ్ళ కొటేషన్‌లో ఏముందో చదివారా? ‘పాత డయలు గ్లాసు తీసి కొత్త ప్రింటు గ్లాసు, లోపల ఎల్ఈడీ లైటు’ అని ఉంది. ఆ చుక్క వాళ్ళకు మురికి.

సరే, మనసు సంగతి పక్కన పెడదాం. పని సంగతికి వద్దాం.

ఆ పెట్టెలో ఆరు వాల్వులున్నాయి. వాటి పేర్లు చూసి భయపడక్కర్లేదు, అదొక చక్కటి లెక్క. ఈసీసీ85, ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈఏబీసీ80, ఈఎల్84, ఈఎమ్80. మొదటి ‘ఈ’ అంటే లోపలి హీటరుకు 6.3 వోల్టులు కావాలని అర్థం. ‘ఎల్’ అంటే స్పీకరును తోసే బలమున్న వాల్వు. ‘ఎమ్’ అంటే ఆకుపచ్చ కన్ను, స్టేషన్ సరిగ్గా పట్టుకుంటే విసనకర్ర లాగా మూసుకునేది. మొదటి అక్షరం ‘యూ’ అయిన వాల్వులుంటే మాత్రం జాగ్రత్త. అవి సీరీసుగా కరెంటు పంచుకునే రకం. అలాంటి చాలా పెట్టెల్లో చాసిస్‌కే మెయిన్ కరెంటు తగిలి ఉంటుంది. మన పెట్టెలో అన్నీ ‘ఈ’లే, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అది మన అదృష్టం.

చాలామంది అనుకుంటారు, పాత రేడియోలో చచ్చిపోయేది వాల్వు అని. మా అనుభవంలో కాదు. ఈ పదకొండు పెట్టెల్లో నిజంగా పోయిన వాల్వులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పోయేది కండెన్సర్లు. లోపల కాగితం చుట్టి పైన బెల్లం పాకం రంగు పూత పూసిన చిన్న చిన్న ముక్కలు. జర్మనీలో ఈ పని చేసేవాళ్ళు వాటిని మాల్ట్ మిఠాయి అని ముద్దుగా పిలుచుకుంటారు. చూడ్డానికి అలాగే ఉంటాయి. అరవై, డెబ్బై ఏళ్ళలో ఆ పూత పగిలి తేమ తాగుతుంది. మన సముద్రపు గాలికి ఇంకా తొందరగా తాగుతుంది. అప్పుడు ఆపాల్సిన డీసీ కరెంటును ఆపలేక కారుస్తాయి.

వాటిలో ఒకటి మరీ ప్రాణాంతకం. ఈఏబీసీ80 నుంచి ఈఎల్84కు శబ్దం అందించే కండెన్సరు అది. అది కారితే ఈఎల్84 గ్రిడ్డుకు రాకూడని పాజిటివ్ వోల్టేజి వస్తుంది. వాల్వు వశం తప్పి కరెంటు లాగేస్తుంది. ఎర్రగా కాగుతుంది. దాంతో పాటు స్పీకరు ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. అంటే ఐదు, పది రూపాయల ముక్క కోసం తిరిగి దొరకని ట్రాన్స్‌ఫార్మరు పోతుంది.

ఇది మాకెలా తెలుసంటే, మేము చెడగొట్టిన మొదటి పెట్టె అలాగే పోయింది. అదీ జర్మనీ పెట్టే, పేరు చెప్పం. ఇంటికి తెచ్చిన ఉత్సాహంలో నేరుగా ప్లగ్గులో పెట్టేశాం. నిమిషం పాటు ఎంత బాగా పాడిందో! తరువాత పాట గరగరమంది, వాసన వచ్చింది, పొగ వచ్చింది. మా బ్యాచ్ పేరు ఆ రోజు వచ్చిందే. తప్పు పెట్టెది కాదు, మాది.

రెండోది ఇంకా సిగ్గుచేటు. లోపలంతా బ్రహ్మాండంగా చేశాం. ఆఖరున అందంగా ఉండాలని డయలు అద్దాన్ని తడిగుడ్డతో వెనకవైపు తుడిచాం. ఆ అక్షరాలు అద్దానికి వెనకవైపు ముద్రించి ఉంటాయి. ఏళ్ళు గడిచాక వాటి పట్టు పోయి ఉంటుంది. ఒక్క తుడుపుకు సగం యూరప్ గుడ్డకు అంటుకుని వచ్చేసింది. పాడుతున్న రేడియో, కానీ ముఖాన ఏ ఊరూ లేదు. ఆ పెట్టె ఇచ్చినవాళ్ళ ముందు నిలబడి చెప్పుకోవడం కంటే ట్రాన్స్‌ఫార్మరు కాలడమే నయం అనిపించింది.

కాబట్టి ‘బాగు చేస్తాం’ అని మేము అంటున్నప్పుడు అది ధీమాతో అంటున్న మాట కాదు. దెబ్బ తిని నేర్చుకున్న మాట.

ఇక మూడో అభిప్రాయం, అద్దాల పెట్టె వాళ్ళకు. మీ గౌరవం మాకు అర్థమవుతుంది. కానీ ముట్టుకోకుండా ఉంచడం కాపాడడం కాదు. ఇవాళ మీరు తాళం వేస్తారు. పదేళ్ళకు ఎవరో కుర్రాడు వచ్చి, పని చేస్తుందేమో చూద్దామని ప్లగ్గు పెడతాడు. మేము చేసిన తప్పే చేస్తాడు. లోపల పాత కండెన్సర్లు ఉన్నంతకాలం ఆ పెట్టె మందుపాతరే. ‘ఒరిజినల్’ అనే మాటకు కొందరు పెద్దలు పెట్టే అర్థం మాకు నచ్చదు. దేవుడి రథానికి ఇరుసు పుచ్చితే కొత్త ఇరుసు వేస్తాం. రథం మారిపోయిందని ఎవరూ అనరు. ఊరేగింపు ఆగిపోతే మాత్రం అంటారు.

అలాగని ఏది పడితే అది మార్చమని కాదు. మేము పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. కారే కాగితం కండెన్సర్లన్నీ తీసి 630 వోల్టుల ఫిల్ము కండెన్సర్లు పెడతాం. డబ్బా కండెన్సరును వోల్టేజి మెల్లగా పెంచుతూ చూస్తాం. వేడెక్కితే దాని వైర్లు విప్పి, కొత్తది చాసిస్ అడుగున పెడతాం. పైన పాత డబ్బా అలాగే ఉంటుంది. కరెంటును డీసీ చేసే సెలీనియం రెక్టిఫయరు ముసలిదైతే వోల్టేజి పడిపోతుంది, కాలితే విషపు పొగ వస్తుంది. దాన్ని కనెక్షను నుంచి తప్పించి, పక్కన సిలికాన్ డయోడ్లు, వోల్టేజి ఎక్కువ కాకుండా ఒక రెసిస్టెన్స్ పెడతాం. అదీ దాని చోటులోనే ఉంటుంది. స్టేషన్లు సర్దే కాయిల్ డబ్బాల్లోని మరలు మాత్రం ముట్టుకోం. ఏమీ తోచక అవి తిప్పినవాళ్ళ చేతుల్లోనే ఎక్కువ రేడియోలు చచ్చాయి. వార్నిష్ గీకం. స్పీకరు గుడ్డ ఉతకం. అద్దం వెనకవైపు, మీకు తెలుసు, ఊపిరి కూడా తగలనివ్వం. ముందువైపు ఆ ఎర్రచుక్క చుట్టూ పొడిబ్రష్షు మాత్రమే.

తీసిన ప్రతి ముక్కా ఒక కవరులో వేసి, ఎక్కడిది, ఎంత విలువ, ఏ తేదీన తీశాం, బదులు ఏం పెట్టాం అని నోటుబుక్కులో రాస్తాం. మాలో రైల్వే ఆఫీసులో రిజిస్టర్ల మధ్య జీవితం గడిపినవాళ్ళున్నారు. సోల్డరింగులో మా చెయ్యి వణకొచ్చు, రిజిస్టరులో మాత్రం వణకదు. ఆ కవర్లూ ఆ నోటుబుక్కూ రేడియో లోపలే అడుగున ఉంటాయి. మా తరువాత ఎవరైనా తెరిస్తే, మేము చేసింది ఏమిటో తెలుసుకుని, ఇష్టం లేకపోతే వెనక్కి తిప్పగలగాలి. బాగు చేయడానికీ పాడు చేయడానికీ మేము చూసే తేడా ఇదొక్కటే. వెనక్కి తిప్పగలిగితే మరమ్మతు. తిప్పలేకపోతే అది ఆ వస్తువు మీద మన పెత్తనం.

ఇప్పుడు బ్లూటూత్ వాళ్ళకు. మన సంఘంలో కుర్రవాళ్ళు మీరే కాబట్టి మీ మాట మాకు ముఖ్యం. మీరడిగింది న్యాయమే. మూలన పడి ఉన్న పెట్టె ఎవరికి? పాట వినిపించాలి, దాని చుట్టూ మనుషులు కూర్చోవాలి. సరిగ్గా మేము కోరేది కూడా అదే. కానీ అందుకు పొట్ట కోయనక్కర్లేదు. టీఏ బటన్ గుర్తుందా? ‘టోన్‌ఆబ్‌నేమర్’, గ్రామఫోను తగిలించే చోటు. వెనక దానికి సాకెట్టు ఉంది. ఆ కాలపు జర్మన్ ఇంజనీరు మీ ఫోను కోసం తలుపు తీసి పెట్టి పోయాడు. అరచేతిలో పట్టే బ్లూటూత్ రిసీవరు ఒకటి కొని, దాని ఎడమ, కుడి వైర్లను చెరొక రెసిస్టెన్స్ ద్వారా ఒకటిగా కలిపి ఆ సాకెట్టుకు ఇస్తే చాలు. టీఏ నొక్కండి, ఫోనులో పాట వేయండి, వాల్వుల గుండా, ఆ చెక్క పెట్టె గుండా వస్తుంది. ఆ నిండు గొంతు స్పీకరుది మాత్రమే కాదు. వాల్వు, ట్రాన్స్‌ఫార్మరు, చెక్క, ఆ టోను చక్రాలు అన్నీ కలిస్తే వచ్చేది. అవన్నీ పీకేశాక మిగిలేది రేడియో వేషం వేసుకున్న ప్లాస్టిక్ స్పీకరు. అలాంటిది కావాలంటే కొత్తదే దొరుకుతుంది, ఇంకా తక్కువకు.

ఒక నిజం కూడా చెప్పాలి. ఈఎల్84 ఒక్కటే ఉన్న పెట్టె నాలుగైదు వాట్లకు మించి ఇవ్వదు. ఉగాదికి నిండిన హాలుకు అది చాలదు. ఉగాదికి ఎప్పటిలాగే మైక్‌సెట్టు పెట్టుకుందాం. ఇది ఆదివారం సాయంత్రం ముప్పై మంది చుట్టూ కూర్చుని వినడానికి. ఎక్కువ ఆశ పెట్టి ఓటు అడగడం మాకు ఇష్టం లేదు.

‘పాట సరే, రేడియోలో ఏం వస్తుంది?’ అని ఒక అక్కయ్య అడిగారు. మంచి ప్రశ్న. ఆ కాలపు జర్మన్ ఎఫ్ఎం డయలు 87 నుంచి 100 మెగాహెర్ట్జ్ దాకానే. అంటే మన ఊళ్ళో 93.5, 98.3 వస్తాయి. ఆకాశవాణి రెయిన్‌బో 101.4 రాదు, గీత దాటి ఉంది. దాన్ని లోపలికి లాగాలంటే కాయిల్ మరలు తిప్పాలి. అప్పుడు అద్దం మీది అంకెలన్నీ అబద్ధమవుతాయి. మేము వద్దంటాం. మీడియం వేవ్‌లో ఈ రోజుల్లో శత్రువు దూరం కాదు, మన ఎల్ఈడీ బల్బులూ చార్జర్లూ. అవి పుట్టించే గరగరలో స్టేషన్ మునిగిపోతుంది. హాలులో లైట్లు కొన్ని ఆపి, లోపలున్న ఫెర్రైటు ఏరియల్‌ను చక్రంతో తిప్పితే గోల తగ్గే దిక్కు ఒకటి దొరుకుతుంది. ఓపిక కావాలి. పాతకాలంలో రేడియో వినడమంటే సగం ఓపికే.

రెండో అభిప్రాయం ఆఖరున పెట్టుకున్నాం, ఎందుకంటే అదే గట్టిది. పదిహేను వేలు, పిల్లల తెలుగు క్లాసు. దీనికి మా దగ్గర తెలివైన జవాబు లేదు. తెలుగు బడి లేని చోట పెరిగినవాళ్ళం, ఆ క్లాసు విలువ మాకు వేరే చెప్పనక్కర్లేదు. రేడియోను ప్రేమించి క్లాసును కాదంటే మమ్మల్ని చూసి ఆ ఎర్రచుక్క పెట్టిన తల్లే నవ్వుతుంది. అందుకని ఇలా అనుకున్నాం. ఆ పదిహేను వేలు మేము నలుగురం కలిసి క్లాసుకు కడతాం, ఈ ఏడాది నాలుగు వాయిదాల్లో. రేడియో సామాను ఖర్చు వేరు, అదీ మాదే. కండెన్సర్లు ఇరవై చిల్లర, డయోడ్లు, రెసిస్టెన్సులు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. ఈఎల్84 కొత్తది ఇప్పటికీ తయారవుతోంది, గిటారు ఆంప్లిఫయర్లకు వాడతారు కాబట్టి. ఆకుపచ్చ కన్ను మాత్రం పాత నిల్వల్లోంచే దొరకాలి. మసకగా ఉన్నా ఉన్నదాంతోనే నడిపిస్తాం. అన్నీ కలిపి నాలుగైదు వేలు దాటదని మా అంచనా. బ్లూటూత్ అంగడి కొటేషను ఆరున్నర వేలు.

బదులుగా మేము అడిగేది మూడే.

ఒకటి, ఆరు నెలల గడువు. అప్పటికి పాడకపోతే కమిటీ ఇష్టం, మేము నోరెత్తం. మేము కట్టిన డబ్బు కూడా వెనక్కి అడగం.

రెండు, శని, ఆదివారాల్లో ఇద్దరు పిల్లలు. ప్లస్ టూ చదివేవాళ్ళయినా సరే, ఆడపిల్లలయినా మగపిల్లలయినా సరే. నోటుబుక్కు వాళ్ళ చేత తెలుగులో రాయిస్తాం. లోపల 250 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీసినా కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. కాబట్టి కరెంటు ఉన్నప్పుడు వాళ్ళ చెయ్యి లోపలికి పోదు. చూడడం, గీయడం, రాయడం, చల్లారాక టంకం వేయడం వాళ్ళ పని. మా కళ్ళు ఇంకెన్నాళ్ళు ఆ చిన్న అంకెలు చదువుతాయో తెలియదు. పెట్టె బాగుపడి, బాగుచేయడం తెలిసినవాళ్ళు లేకుండా పోతే ఇంకో ఇరవై ఏళ్ళకు మళ్ళీ ఇదే మీటింగు.

మూడు, అంతవరకు దయచేసి ఎవరూ దాన్ని ప్లగ్గులో పెట్టకండి. ‘ఊరికే ఒక్కసారి’ కూడా వద్దు. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు వరుసలో 60 వాట్ల పాత గుండుబల్బు ఒకటి పెట్టి ఇస్తాం. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలిగి కరెంటును తాను మింగుతుంది, రేడియో బతుకుతుంది. అంతకుముందే మెగ్గరుతో ట్రాన్స్‌ఫార్మరు కూడా చూస్తాం. ఇంకో సంగతి, ఆ పెట్టె సర్దుబాటు 220 మీద ఉంది. మన హాలులో సాయంత్రం 240 దాకా పోతుంది. అంటే 6.3 అందాల్సిన వాల్వుకు దాదాపు 6.9 అందుతుంది. దానికి కూడా ఏర్పాటు చేయాలి. తొందరపడితే ఏమవుతుందో మా మొదటి పెట్టెను అడగండి.

మీ ఇళ్ళల్లో అటకల మీద ఇలాంటివి ఇంకా ఉంటాయి. నైన కొన్నదో, తాత కొన్నదో. జర్మనీదే కానక్కర్లేదు. పాతసామానువాడికి వేసేముందు ఒక్కసారి మాకు చూపించండి. డబ్బు అడగం. కాఫీ మాత్రం తాగుతాం.

వచ్చే శనివారం సాయంత్రం ఐదింటికి పెట్టెను కిందికి దించి, వెనక అట్ట తీసి చూపిస్తాం. కరెంటు ఇవ్వం, తెరిచి చూపిస్తాం అంతే. లోపల ఏముందో కళ్ళారా చూశాక, ఆ ఎర్రచుక్క ఎక్కడుందో మీ అంతట మీరే వెతుక్కున్నాక, చెయ్యి ఎటు ఎత్తాలో మీ ఇష్టం. చూడకుండా మాత్రం ఎత్తకండి. అదే మా విన్నపం.

ఇట్లు,
మీ పొగ బ్యాచ్